బధిర నటుల సంగీతరూపకములు: కంఠ హస్త విభాగ విచారము

నాటకము దృశ్యకావ్యమని లాక్షణికులు పేరుపెట్టిరి. కాని తెలుగు రంగస్థలము చాలకాలము శ్రవ్యముగనే జీవించినదనుట అతిశయోక్తి కానేరదు. పద్యనాటకమునకు పోవువాడు 'నాటకము చూడబోవుచున్నాను' అని చెప్పినను, నిజమునకు వినుటకే పోయెడివాడు. పద్యము చివర రాగము సాగినకొలది కరతాళధ్వనులును 'వన్సుమోరు' కేకలును చెలరేగెడివి. బళ్ళారి రాఘవ (1880–1946) వంటి మహానటుడు ఈ గానాతిశయమును నిరసించి, భావానుగుణమైన వాచికమునకును ముఖాభినయమునకును పట్టము గట్టవలెనని వాదించినను జనసామాన్యపు చెవి పద్యమును విడువలేదు. ఇట్టి సంప్రదాయమున పెరిగిన మనకు 'వినికిడిలేని నటులు ప్రధానపాత్రలు ధరించిన సంగీతరూపకము' అను మాట మొదట విరోధముగ తోచును. వినరాని సంగీతమును నటించుటెట్లు? పాడలేని నాయికకు పాట యేల?

అమెరికాలో 2003, 2015 సంవత్సరములలో ప్రదర్శితములైన రెండు పునఃప్రయోగములు ఈ విరోధమును ఎదుర్కొనినవి. ఆ ప్రయోగములలోని రంగవిన్యాసములు ఎట్టివి? మన నాట్యసంప్రదాయము ననుసరించి వానిని ఎట్లు వ్యాఖ్యానింపవచ్చును? ఆ వ్యాఖ్యానము కళింగాంధ్ర రంగస్థలమునకు ఏమి బోధించును? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

1

లాస్ ఏంజెలెస్ నగరమున 1991లో ఎడ్ వాటర్‌స్ట్రీట్ అను బధిర నటుడు 'డెఫ్ వెస్ట్ థియేటర్' అను నాటకసంస్థను స్థాపించెను. బధిరులును వినికిడి గల నటులును ఒకే రంగముపై కలిసి నటించుట, ప్రతి మాటయు సంజ్ఞాభాషలోను నోటిమాటలోను ప్రేక్షకునకు అందుట ఆ సంస్థ పద్ధతి.

మొదటి ప్రయోగము 'బిగ్ రివర్'. మార్క్ ట్వేయిన్ రచించిన హకల్‌బెరీ ఫిన్ నవలను ఆధారముగ గొని, రోజర్ మిల్లర్ గీతములతో 1985లో బ్రాడ్వే రంగముపై వెలసిన రూపకమిది. దీనిని 2003లో జెఫ్ కాల్హూన్ దర్శకత్వమున డెఫ్ వెస్ట్ వారు మరల బ్రాడ్వేలో ప్రదర్శించిరి. హక్ పాత్రను బధిరుడైన టైరోన్ జియోర్డానో సంజ్ఞాభాషలో నటింపగా, అతని మాటను పాటను డేనియల్ జెంకిన్స్ వినిపించెను. ఈ జెంకిన్సే 1985 నాటి ప్రదర్శనమున హక్ పాత్రధారి. 2003లో అతడు గ్రంథకర్తయైన మార్క్ ట్వేయిన్ వేషమున రంగముపై నిలిచెను. కథానాయకునకు కథకుడే కంఠ మిచ్చినాడన్నమాట. ఈ యేర్పాటులోని ఔచిత్యము ఎవరికైనను తోచును. నవలలో కథ చెప్పువాడు హక్. హక్ చేత చెప్పించువాడు ట్వేయిన్. గ్రంథమున నున్న సంబంధమే రంగముపై కంటికి కనబడినది.

రెండవది 'స్ప్రింగ్ అవేకనింగ్'. జర్మను నాటకకర్త ఫ్రాంక్ వెడెకిండ్ 1891లో ప్రకటించిన నాటకము దీనికి మూలము. యౌవనము అంకురించు బాలబాలికలకు పెద్దలు నిజము చెప్పక దాచుటవలన కలిగిన అనర్థము ఇందలి వస్తువు. వెండ్లా అను బాలిక బిడ్డలు ఎట్లు పుట్టుదురని తల్లి నడుగును, తల్లి చెప్పజాలదు. ఆ యజ్ఞానమే తుదకు ఆ పిల్ల ప్రాణమును బలిగొనును. మోరిట్జ్ అను విద్యార్థి పరీక్షయందు తప్పి, తండ్రికి ముఖము చూపలేక ఆత్మహత్య చేసికొనును. మెల్కియోర్ అను మూడవవాడు చదువరి, తర్కశీలి. మిత్రునికొరకు రహస్యవిషయమును వ్రాసి యిచ్చినందులకు దండితుడగును. స్టీవెన్ సేటర్ రచనతో, డంకన్ షీక్ సంగీతముతో ఇది 2006లో బ్రాడ్వే సంగీతరూపకమై మరుసటి యేట 8 టోనీ బహుమానములను పొందెను. మైకేల్ ఆర్డెన్ దర్శకత్వమున డెఫ్ వెస్ట్ వారు 2014లో లాస్ ఏంజెలెస్‌లో దీనిని పునఃప్రయోగించి, 2015 సెప్టెంబరు 27న బ్రాడ్వేకు చేర్చిరి. 2016 జనవరి 24 వరకు అది ఆడెను. వెండ్లాగా శాండ్రా మే ఫ్రాంక్, మోరిట్జ్‌గా డేనియల్ డ్యురాంట్ అను బధిర నటులు నటించిరి. ఆమెకు కేటీ బోయెక్, అతనికి అలెక్స్ బోనియెల్లో కంఠ మిచ్చిరి. ఈ కంఠదాతలు తెరచాటున లేరు. గిటారు చేతబట్టి రంగముపైననే మెలగిరి.

2

ఈ వర్ణనము చదివిన తెలుగువానికి మొదట కలుగు భావము 'ఇది మనకు క్రొత్త కాదు' అనునదే. ఆ భావమునకు ఆధారము లేకపోలేదు. అభినయదర్పణకర్తయైన నందికేశ్వరుడు గీతమును కంఠమునకును, అర్థప్రకటనమును హస్తమునకును పంచిపెట్టెను. 28 అసంయుత హస్తములను పేర్కొని, ఒక్కొక్కదానికి వినియోగములను విధించెను. కూచిపూడి భాగవతమున ఒకప్పుడు పాత్రధారియే పాడి, మాటాడి, ఆడెడివాడు. తరువాతి కాలమున గానము పెక్కుపాళ్ళు రంగపార్శ్వమున కూర్చున్న గాయకునకు సంక్రమించినది. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలోని తూర్పుభాగవతమున మద్దెల మ్రోతకు ప్రాధాన్యము మిక్కుటము. భామవేషధారి ఎత్తుకొనిన దరువును వంతవారు అందుకొనగా అతని దేహము జతులకును అభినయమునకును విడుదల పొందును. తోలుబొమ్మలాట సంగతి చెప్పనేల? తెరమీద తోలుబొమ్మకు ప్రాణమున్నట్లు తోచును; ప్రాణమునకు మూలమైన గొంతు తెరవెనుక నుండును; ఆటగాడు కాలిక్రింది చెక్కలను త్రొక్కి యుద్ధధ్వనులు పుట్టించును. చలనచిత్రములలోని నేపథ్యగానము దీనికి నూతనరూపము మాత్రమే.

కావున గొంతు ఒకరిది, దేహము ఒకరిది యగుట మన ప్రేక్షకునకు చిరపరిచితము. అయినను ఇంతటితో తృప్తిపడి 'అంతయు మనయందే కలదు' అనుకొనుట విమర్శకుని ధర్మము కాదు. పోలికను అంగీకరించిన పిదప భేదమును పరిశీలింపవలెను. ఆ భేదములు మూడు.

మొదటిది భాషావిషయకము. నాట్యహస్తము సాహిత్యమును అనుసరించును. పాటలో పద్మమను మాట వచ్చినపుడు పద్మకోశము పట్టుట, బాణమను మాట వచ్చినపుడు శిఖరకటకాముఖములు పట్టుట వంటిది ఆ యనుసరణము. పాట లేనిచో హస్తములవరుస తనంత తాను వాక్యము కానేరదు. సంజ్ఞాభాష అట్టిది కాదు. అది నోటిమాటకు చేతితో వేసిన నకలు గాదు. దానికి తన వ్యాకరణము తనకు కలదు. ఎదుటి ఆకాశములో ఒక చోటును ఒక వ్యక్తికి కేటాయించి, మరల ఆ చోటును చూపినంతనే సర్వనామార్థము సిద్ధించును. క్రియ ఏ చోటినుండి ఏ చోటికి కదలినదో దానిని బట్టి కర్తృకర్మ భేదము తెలియును. కనుబొమలెత్తుట కేవలము భావప్రకటనము గాదు, అది ప్రశ్నార్థకము. అందుచే 'మన ముద్రలే వారి సంజ్ఞలు' అనుట బధిరుల భాషను మరల అభినయముగ దిగజార్చుటయే యగును. ఈ పొరపాటు మన వ్యాసకర్తలకు సులభముగ కలుగునట్టిది గనుకనే ఇంత వివరింపవలసి వచ్చినది.

రెండవది పూర్వాపరవిషయకము. మన భాగవతమున పాట ముందు పుట్టినది, హస్తము వెనుక వచ్చినది. ఆ యాంగ్లరూపకములందును పాట ముందే పుట్టినది. అయినను దానిని సంజ్ఞాభాషలోనికి తెచ్చుటయనగా మాటకు మాట చూపుట కాదు, మరియొక కావ్యభాషలో గీతమును మరల రచించుటయే. ఇది అనువాదకుడు ఎరిగిన కష్టము. సంస్కృతశ్లోకమును తెనుగు పద్యమున పోసినవానికి యతిప్రాసలు ఎట్లో, ఇచట చేతికదలికల లయ అట్లు.

మూడవది దృశ్యత. బొమ్మలాటలో గొంతు దాగును. నేపథ్యగానమున గొంతు లేనట్లే నటింతురు. కూచిపూడియందు గాయకుడు కనబడును గాని పాత్ర అతనిని చూడదు. 'స్ప్రింగ్ అవేకనింగ్'లో పాత్ర తన గొంతును కంటితో చూచును. గొంతు పాత్రను చూచును. ఇరువురి నడుమ చూపు నడచును. మనయందు కంఠదేహముల విభాగము ప్రయోగసౌలభ్యము కొరకు ఏర్పడినది; అందు అర్థము లేదు. ఆ ప్రయోగమున విభాగమే అర్థము. వ్యాఖ్యానమునకు ఎడమిచ్చునది ఈ మూడవ భేదమే.

3

ప్రారంభదృశ్యము నెత్తుకొందము. రూపకము వెండ్లా పాటతో మొదలగును. తల్లి తనకు ఏమియు నేర్పలేదని ఆ పిల్ల నిష్ఠురమాడు పాట అది. పునఃప్రయోగమున వెండ్లా ఒక అద్దపుచట్రము నెదుట నిలుచును. చట్రమున అద్దము లేదు. ఆవలివైపున ప్రతిబింబస్థానమున కంఠదాత్రి నిలిచియుండును. చేతులు ఈవల పలుకును, గొంతు ఆవల పలుకును.

దీనిని కంఠము అంతరాత్మయనియు, దేహము బాహ్యరూపమనియు వ్యాఖ్యానించుట సులభము. వినుటకు ఇంపుగ నున్నను ఈ వ్యాఖ్యానమున ఒక దోషము కలదు. కంఠమే ఆత్మయైనచో బధిరనటి ఉత్త పెంకు మాత్రమే యగును. మాటాడువారికే ఆత్మ కలదను పాతనమ్మకమే వేషము మార్చుకొని రంగమెక్కినట్లగును. బధిరులకు మేలుచేయదలచిన ప్రయోగమునకు ఇంతకంటె ద్రోహమైన వ్యాఖ్యానము ఉండదు.

దృశ్యమునే సావధానముగ పరికించినచో అర్థము తారుమారగును. అద్దము ముందు నిలిచినది ఎవరు? బధిరనటి. అద్దమున కనబడినది ఎవరు? కంఠము. బింబము లేక ప్రతిబింబము లేదు. బింబము చేయెత్తినగాని ప్రతిబింబము చేయెత్తదు. కావున ఈ దృశ్యమున కంఠము ఆత్మస్థానమున లేదు, ఛాయాస్థానమున ఉన్నది. వినుటకు అలవాటుపడిన మనము ఛాయను ముందు గుర్తింతుము. అది మన యలవాటులోని లోపమే గాని దృశ్యములోని లోపము గాదు. దర్శకుడు ఆ చట్రమును ఉంచుటవలన కలిగిన గొప్ప లాభము, తొలిపాటలోనే ప్రేక్షకునకు ఏది బింబమో ఏది ప్రతిబింబమో బోధించుట.

అయినను చిక్కు పూర్తిగ తీరలేదు. దీనిని వివరించుటకు మన భామాకలాపము తోడ్పడగలదు. సత్యభామ అలుకబూనినది, కృష్ణుని యొద్దకు తాను పోలేదు, తన పక్షమున మాటాడుటకు మాధవి కావలెను. మాధవి ఊరకపోదు. కానుకగ భామ ముక్కర నడుగును. ఐదవతనమునకు గుర్తైన యాభరణము నిచ్చుటకు భామకు మనసొప్పదు, ఈయక తప్పదు. హాస్యముగ నడచు ఈ ఘట్టమున ఒక సత్యము దాగియున్నది: పరుల గొంతుకు మూల్యము కలదు, ఆ మూల్యము మనము విడువరానిదే యగును.

బధిరనటునకు కంఠమిచ్చినవాడు అడుగు ముక్కర యేది? ప్రేక్షకుని చూపు. శబ్దము వచ్చినవైపునకు కన్ను త్రిప్పుట మానవస్వభావము. వేయిమంది ఒక్కసారి గాయనివైపు చూచినచో, ఆ క్షణమున బధిరనటి చేతులలోని పాట వినువారు లేనిదగును. ఆ ప్రయోగము ఈ మూల్యమును తగ్గించుటకు చేసిన యేర్పాటులను గమనింపవలెను. ధ్వనివిస్తారకములవలన గానము గాయని నోటినుండి గాక రంగమంతటినుండి వచ్చినట్లు తోచును. చెవి కంటిని లాగుట కొంత తగ్గును. కంఠదాత చూపు ప్రేక్షకులపై గాక బధిరనటునిపై నిలిచినచో, మన చూపును అతని చూపు వెంటనే పోవును. అన్నింటికి మించినది దీపనము. చీకటిలో మాట వినబడును గాని చేయి కనబడదు. కాబట్టి సంజ్ఞాభాషా రంగముపై వెలుగు అలంకారము గాదు, అదియే వాగ్ద్వారము. దీపము ఆర్పుట నోరు మూయుటతో సమానము. ఆ పునఃప్రయోగము 2016 టోనీ బహుమానములకు పరిశీలింపబడిన మూడు శాఖలలో దీపనము ఒకటియగుట ఈ దృష్టితో చూచినచో సహజముగ కనబడును.

ఇన్ని యేర్పాటులు చేసినను గిటారు చేతబట్టి పాడు సుందరకంఠమునకు ఆకర్షణము పోదు. అచటచట ముక్కర కంఠమునకే దక్కినదని ఒప్పుకొనవలెను. ఇది నింద గాదు; ఈ మార్గమునకు సహజమైన కష్టము.

4

ఇక కాలనిర్ణయమునకు సంబంధించిన విన్యాసము. మూలమున కథ పంతొమ్మిదవ శతాబ్దిచివరి జర్మను పట్టణమున జరుగును. పునఃప్రయోగము ఆ కాలమునకు మరియొక చరిత్రను ముడివేసినది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరమున బధిరవిద్యను గూర్చి యొక అంతర్జాతీయ మహాసభ జరిగెను. బధిరబాలురకు సంజ్ఞాభాషలో చదువు చెప్పరాదు, నోటిమాటనే నేర్పవలెనని ఆ సభ తీర్మానించెను. బధిరుల భవితవ్యమును నిర్ణయించిన ఆ 164 మంది ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే. ఆ తీర్మానము పెక్కు దేశములలో అమలై, సంజ్ఞలు చేసిన పిల్లల చేతులను కట్టివేసినది. 130 సంవత్సరములు గడచిన పిమ్మట, 2010లో వాంకూవర్ నగరమున జరిగిన అట్టి మహాసభ ఆ తీర్మానముల విషయమై విచారము ప్రకటించెను.

నోటిమాట పద్ధతికి 'జర్మను పద్ధతి' అనియే ప్రసిద్ధి. 1778లోనే సామ్యుయేల్ హైనికె లైప్జిగ్ నగరమున ఆ పద్ధతిపై బధిరపాఠశాలను నెలకొల్పియుండెను. కావున వెడెకిండ్ కాలపు జర్మను బడిలో బధిరవిద్యార్థులను కూర్చుండబెట్టుట కల్పనయైనను అసంభవకల్పన గాదు. అది ఆ దేశకాలములకు చెందిన నిజమునే నాటకములోనికి తెచ్చినది. లాటిను పాఠమున విద్యార్థులు వర్జిల్ కావ్యమును అప్పజెప్పు ఘట్టము మూలరూపకమునందే కలదు. అచట విద్య యనగా అర్థములేని వల్లెవేత. పునఃప్రయోగమున ఆ వల్లెవేత బధిరుడైన మోరిట్జ్‌కు నోటితో చేయవలసిన శిక్షయైనది. మూలమున మోరిట్జ్ మందబుద్ధియనియో దుర్బలుడనియో తోచుటకు అవకాశము కలదు. ఇచట అతడు బుద్ధిహీనుడు కాడు. తన భాష కాని భాషలో పరీక్షింపబడినవాడు. అతని యపజయము బడిదోషముగ రూపొందినది. ఒక్క విన్యాసముతో పాత్రయొక్క నైతికభారము శిష్యునినుండి గురువునకు మారుట సామాన్యవిషయము గాదు.

మెల్కియోర్ పాత్రను వినికిడి గల ఆస్టిన్ మెకెంజీ ధరించి, తానే పాడుచు తానే సంజ్ఞలు చేసెను. ముగ్గురిలో కంఠహస్తములు రెండును తనవిగా గలవాడు ఇతడొక్కడే. పెద్దలతో వాదింపగలవాడును ఇతడే. మిత్రునకు రహస్యవిషయము వ్రాసి యిచ్చుట ఈ ప్రయోగమున సార్థకమైనది. బధిరునకు చెవిలో ఊదిన మాట చేరదు, వ్రాసిన మాట చేరును. అయితే తుదకు బ్రతికినవాడును ఇతడొక్కడే యగుట గమనింపదగినది. రెండు భాషలు గలవాడు బ్రతికెను. ఒక్క భాష గలవారు నశించిరి. సమాధుల నడుమ మృతమిత్రులు మెల్కియోర్‌కు కనబడు తుదిఘట్టమున ప్రేతాగమనము మనకు వింతగొలుపదు. మొదటినుండియు ఒక్కొక్క పాత్రవెంట నీడవలె మరియొకరు నడచుచుండుటకు మన కన్నులు అలవాటుపడియున్నవి గదా.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. పెద్దలు పిల్లల మాట వినకుండుటయే నాటకవిషయముగదా. అట్టి నాటకమున పిల్లలను బధిరులుగ చేయుట బాధిర్యమును ఉపమానముగ వాడుకొనుట కాదా? ఆక్షేపణము గట్టిదే. మన చలనచిత్రములనే చూడుడు. కె. విశ్వనాథ్ 'సిరిసిరిమువ్వ' (1976)లో నాయిక మూగనర్తకి. 'సిరివెన్నెల' (1986)లో నాయిక మూగచిత్రకారిణి. ఇరువురును మాటాడగల నటీమణులే ధరించిన పాత్రలు. అందు మూగతనము నిష్కల్మషత్వమునకు చిహ్నము. ఆ చిత్రముల కళాగౌరవము నేను కాదనను. కాని చిహ్నమైన వ్యక్తికి చరిత్ర యుండదు, భాష యుండదు. ఆర్డెన్ ప్రయోగము ఈ లోపమునుండి తప్పించుకొనుటకు కారణము 1880 అను తేదీయే. ఉపమానమునకు తేదీ యక్కరలేదు. అన్యాయమునకు తేదీ కలదు. వినికిడి లేకుండుటను గాక, భాషను నిషేధించుటను దుఃఖకారణముగ చూపినందున ఆ ప్రయోగము కరుణను దాటి న్యాయవిచారమును చేరినది.

5

'బిగ్ రివర్'లో ప్రసిద్ధి కెక్కిన యొక విన్యాసమును స్మరింపక ఈ చర్చ ముగియదు. వెలుగుకొరకు నిరీక్షించుట వస్తువుగా గల యొక గీతము తుదిభాగమున వాద్యములును కంఠములును ఒక్కసారి ఆగిపోవును. రంగముపైనున్న వారందరును, బధిరులును వినువారును, నిశ్శబ్దముగ చేతులతో పాటను కొనసాగింతురు. అంతవరకు బధిరులకొరకు పాట అనువదింపబడుచున్నదని తలచిన ప్రేక్షకుడు, ఆ క్షణమున అనువాదము తనకొరకే జరుగుచున్నదని గ్రహించును. చెవికి అందకపోయినను పాట ఆగలేదు. లయ చేతులలో సాగుచునే యున్నది.

సంగీతము చెవికి మాత్రమే చెందినదను నమ్మకమును మన ప్రాంతపు జానపదులు ఏనాడును పూర్తిగ అంగీకరింపలేదు. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో యాదవులు ఆడు తప్పెటగుళ్ళను చూచినవారికి ఇది తెలియును. రేకుతో చేసిన తప్పెటను రొమ్మునకు కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు ధరించి, గుండ్రముగ తిరుగుచు గంతులిడుచు వాయింతురు. ఆ మ్రోత మొదట తాకునది చెవిని గాదు, వాయించువాని రొమ్మును, పిమ్మట నేలను, నేలద్వారమున పాదములను. వినికిడి లేనివానికి కంపనము తెలియును, ఎదుటివాని ఊపు తెలియును, అడుగు తెలియును. బ్రాడ్వే ప్రయోగములందును బధిరనటులు పాట ఎత్తుగడను స్పర్శవలనను, తోడినటుల కదలికలవలనను, దీపసూచనలవలనను పట్టుకొనిరి. ఆ సూచనలు నృత్యమునందే ఇమిడిపోవుటచే ప్రేక్షకునకు కనబడవు. తాళము వేయువాని చేయిని చూచి పాటగాడు ఎత్తుకొనుటకును దీనికిని జాతిభేదము లేదు.

6

ఇంతవరకు చేసిన చర్చను మన నేలకు తెచ్చుకొందము. వెడెకిండ్ నాటకము 1891లో వెలువడినది. మరుసటి సంవత్సరము 1892లో విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారు గురజాడ అప్పారావు 'కన్యాశుల్కము'ను ప్రథమముగ ప్రదర్శించిరి. ఒకరి నొకరు ఎరుగని ఆ రచయితలు ఇరువురును ఒకే కాలమున ఒకే దోషమును పట్టుకొనిరి: పెద్దల నిర్ణయమునకు పిల్లల శరీరము బలియగుట. వెండ్లాకు తల్లి నిజము చెప్పదు. సుబ్బిని తండ్రి ఏమియు అడుగడు. ఎవరి వివాహమును గూర్చి ఇంత నాటకము నడచునో ఆ సుబ్బి పలుకునది మిక్కిలి స్వల్పము.

అదే విజయనగరమున 1919లో మహారాజా విజయరామ గజపతిరాజు ఆస్థానమునకు చెందిన యొకరి అంధపుత్రుని నిమిత్తమై సంగీతకళాశాలను స్థాపించిన వృత్తాంతము సుప్రసిద్ధము. ఆదిభట్ల నారాయణదాసు దానికి ప్రథమాధ్యక్షుడు. పిమ్మట ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పీఠము నలంకరించెను. చూపులేని బాలునకు సంగీతద్వారము తెరచిన నగరమిది. వినికిడిలేని వానికి రంగద్వారము తెరచుట ఆ సంప్రదాయమునకు విరుద్ధము గాదు, కొనసాగింపు. 2015 సెప్టెంబరులోనే మన దేశమున భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము ఢిల్లీలో ఏర్పడినది. భాష కలదు, ఆ భాషలో నాటకము నాడించు సాహసము కావలెను.

ఒకానొకనాడు కళింగాంధ్రమున 'కన్యాశుల్కము'ను బధిరనటులతో ప్రదర్శింపదలచినవారికి మొదట తోచు విన్యాసము సుబ్బిని బధిరబాలికచే నటింపజేయుట. నోరులేని పిల్లకు నోరులేమి చిహ్నముగ అమరునని వారు భావింపవచ్చును. పై చర్చ ననుసరించి నేను దానిని అంగీకరింపజాలను. అది బాధిర్యమును మరల దైన్యమునకు ఉపమానము చేయుటయే. 'సిరిసిరిమువ్వ' మార్గమునే త్రొక్కుటయగును.

నా యభిప్రాయమున బధిరనటునకు ఈయదగినది గిరీశము పాత్ర. గిరీశ మనగా వాక్కు. కోతలు, బుకాయింపులు, ఉపన్యాసములు, అప్పటికప్పుడు అల్లిన అబద్ధములు — ఇవి తప్ప అతనికి ఆస్తి లేదు. ఆ వాగ్ధాటినంతయు ఒక బధిరనటుడు సంజ్ఞాభాషలో వెలయింపగా, వెంకటేశము నోరు తెరచుకొని చూచుచుండగా, కంఠదాత ప్రక్కన నిలిచి ఆ కోతలను అందుకొనలేక తడబడుచుండగా కలుగు హాస్యమును ఊహింపుడు. అప్పుడు కంఠము బింబము కాదు, ప్రతిబింబమని చెప్పుటకు అద్దపుచట్రమైనను అక్కరలేదు. అంతకు మించిన ప్రయోజనము మరియొకటి కలదు. సంజ్ఞలు భావమును మాత్రమే ప్రకటించును, హృదయమునే చూపును అని తలచువారు బధిరులను పవిత్రమూర్తులుగ పూజింతురు గాని తోడిమనుష్యులుగ గణింపరు. అబద్ధమాడుటకు వీలైనదే పూర్ణభాష. చేతులతో గిరీశము సుందరముగ అబద్ధమాడిననాడు ప్రేక్షకుడు ఆ చేతులకు భాష కలదని ఒప్పుకొనును.

పై విచారమునుబట్టి ఇట్టి ప్రయోగములను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు తేలుచున్నవి. హస్తము పాటకు వెంటబడినదా, లేక పాటను తన భాషలో మరల రచించినదా? కంఠమిచ్చినవాడు మూల్యముగ ఎంత చూపును కొనిపోయెను? బాధిర్యమునకు నాటకమున చరిత్ర కలదా, లేక అది ఉపమానమాత్రమా? డెఫ్ వెస్ట్ వారి ప్రయోగములు మొదటి మూడవ ప్రశ్నలకు దృఢముగ సమాధానమిచ్చినవి. రెండవదానికి శక్తివంచన లేక యత్నించినవి. మాధవి ముక్కర నడుగకమానదు. భామ ఏమి యిచ్చినదో, ఏమి నిలుపుకొనినదో చూచుటయే విమర్శకుని పని.